ఆగిపోయినదంతా అక్కరలేనిదేనా?

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరం మీలో చాలామంది చూసే వుంటారు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారంనాడు అది జరుగుతుంది. ఆ రోజుల్లో ఊరినిండా ఎన్ని పందిళ్ళు, ఎన్ని తాత్కాలికపు దుకాణాలు! జాతర కాగానే విప్పేస్తారు. విప్పేవాడు లోపల సామానేమైనా వున్నదేమో చూస్తాడు, "ఇది ఎవరిదండీ?" అని అడుగుతాడు. ఆ తరువాతనే తాడు కోస్తాడు.

కంప్యూటర్లలో కూడా ఇటువంటి పందిళ్ళున్నాయి. వాటిని కంటెయినర్లు అంటారు. ఒక ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సరంజామానూ ఒకచోట చేర్చి, మిగతా వాటితో కలవకుండా విడిగా నడిపించే ఏర్పాటన్నమాట. ఈ ఆలోచనకు తొలి మెట్టు 1979లో యూనిక్స్‌లో వచ్చిన 'సీహెచ్‌రూట్'. దీన్ని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చినది 2013లో వెలువడిన 'డాకర్'. నల్లని తెరమీద అక్షరాలు టైపు చేసి దీనికి ఆజ్ఞలిస్తారు. దాన్నే కమాండ్ లైన్ అంటారు.

ఒకే నమూనా నుంచి పది నకళ్ళు క్షణాల్లో తీయవచ్చు. నమూనా 1 జీబీ వుంటే నకళ్ళకు మరో 10 జీబీ కావాలి కదా అంటారేమో. అక్కరలేదు! నమూనాను అన్నీ పంచుకుంటాయి. ప్రతి నకలుకూ పైన ఒక పల్చని పొర మాత్రమే విడిగా వుంటుంది. భారతదేశ పటంమీద ట్రేసింగ్ కాగితం పరచి నదులు గీస్తారు చూడండి, అలాగే. మీరు రాసినదంతా పై కాగితంమీదే పడుతుంది. వేరేచోట దాచుకునే ఏర్పాటు చేసుకోకపోతే, నకలును తుడిచినప్పుడు ఆ కాగితం పోతుంది. అడుగున పటం చెక్కుచెదరదు.

నకళ్ళు పోగుపడితే డిస్కు నిండిపోతుంది. అందుకే 2017 జనవరిలో డాకర్‌లో 'ప్రూన్' అనే ఆజ్ఞ చేర్చారు. కొమ్మలు కత్తిరించడమని దాని అర్థం. అంతకుముందు జనం పొడుగాటి ఆజ్ఞలను ఒకరి దగ్గర ఒకరు ఎత్తి రాసుకుని తుడిచేవారు. దానికంటె ఇది నయమే. కాని ఆగిపోయిన కంటెయినర్లన్నీ అక్కరలేనివేనని ఇది అనుకుంటుంది. అక్కడే నాకు పేచీ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి సమయంలో ఒక విద్యార్థి కంటెయినర్‌లో తన ప్రాజెక్టు రాసుకుంటున్నాడనుకోండి. కరెంటు పోయింది, కంటెయినర్ ఆగింది. వారం తరువాత ఎవరో డిస్కు నిండిందని ప్రూన్ కొట్టారు. ఇంకేముంది? పారేసిన నకలూ, తుఫానుకు ఆగిన నకలూ యంత్రానికి ఒకటే.

అది అడగకుండా తుడవదు, నిజమే. "కొనసాగించమంటారా?" అంటుంది. ఊరికే ఎంటర్ నొక్కితే వద్దన్నట్లే లెక్క. మంచి పద్ధతి. కాని అప్పుడు చెప్పేది "ఆగిన కంటెయినర్లన్నీ" అని మాత్రమే. ఏవేవి పోయాయో జాబితా తుడిచాక వేస్తుంది! సామాను బండికెక్కించాక "ఇది ఎవరిదండీ?" అని అడిగినట్లు లేదూ?

నన్నడిగితే, శుభ్రం చేయడమనేది నకలు తీసేటప్పుడే మొదలు కావాలి. మనం పేరు పెట్టకపోతే డాకరే ఒక విశేషణానికి ఒక శాస్త్రజ్ఞుని పేరు తగిలిస్తుంది. ఆ జాబితాలో మన రామన్, రామానుజన్, ఆర్యభట కూడా వున్నారు. సరదాగానే వున్నది గాని, అది ఎవరి పనో దాన్నిబట్టి ఎలా తెలుస్తుంది? నకలు తీసే ఆజ్ఞే "ఎవరిది, ఎందుకు, ఎన్నాళ్ళు?" అని అడిగి చీటీ అంటించాలి. చీటీలు అంటించే వీలు ఇప్పుడూ వున్నది, కాని అది మన ఇష్టానికి వదిలేశారు. తుడిచే ఆజ్ఞ గడువు తీరినవాటినే ముట్టుకోవాలి, పేర్లు ముందే చూపాలి. పై పొరలో ఏం మారిందో చూపే 'డిఫ్' ఆజ్ఞ డాకర్‌లోనే వున్నది కదా, తుడిచేముందు దాన్ని ఒకసారి సంప్రదిస్తే ఏం పోయింది?

ఇన్ని ప్రశ్నలైతే పని సాగదని అనుభవజ్ఞులు విసుక్కుంటారు. మనిషి లేకుండా రాత్రింబగళ్ళు నడిచే యంత్రాల దగ్గర అది నిజం. వాటికోసం అడగకుండా తుడిచే 'ఎఫ్' అనే గుర్తు వుండనివ్వండి. రేపు మీలో కొందరు ఎచ్చెర్ల ఐఐఐటిలోనో, విజయనగరం జేఎన్‌టీయూలోనో చేరతారు. మొదటిరోజే ఆ 'ఎఫ్' నేర్పే మిత్రుడొకడు తటస్థపడకపోడు. 'డాకర్ పీఎస్' ఆజ్ఞ పక్కన 'ఏ' గుర్తు పెట్టడం కూడా అతన్నే అడిగి నేర్చుకోండి. ఆగినవాటి జాబితా కూడా అది ముందే చూపిస్తుంది.