పురుగు సంగతి తర్వాత, ముందు ఫొటో సరిచేయండి

సంపాదక మహాశయా,

గత ఆదివారం మీ సేద్యం పేజీలో అగాసికిల్స్ అనే ఎగిరి దూకే పెంకుపురుగును ఆకాశానికెత్తేశారు. అర్జెంటీనా నుంచి తెచ్చి 1964 నుంచి అమెరికాలో వదిలితే ఫ్లోరిడా నీళ్లలో అలిగేటర్ కలుపు పీడ చాలావరకు విరగడైంది. నిజమే, కాదనను. కానీ పక్కన వేసిన ఫొటో ఏమిటండీ? అది కలుపు కాదు, నిక్షేపమైన పొన్నగంటి కూర!

మా పెరటి వెనక పంటకాల్వ గట్టున ఏళ్లుగా పొన్నగంటి మడి పెంచుకుంటున్నాను. కళ్లకు మంచిదని వీధంతా కోసుకెళ్లేది. సోమవారం పొద్దున్నే కాల్వ బాగుచేసే కాంట్రాక్టరు మనుషులు మీ పేపరు ముక్క పట్టుకుని మరీ దిగారు. "బాబూ, ఇది పెసరపప్పులో వేసుకునే ఆకు" అని మొత్తుకుంటే, "పేపర్లో బొమ్మ పడిందమ్మా, వాళ్లకు తెలీదా?" అన్నాడు మేస్త్రీ. వేళ్లతో సహా పీకి ట్రాక్టర్లోకి ఎత్తేశారు. అలిగేటర్ కలుపు పూలగుత్తి పొడుగాటి కాడ చివర ఉంటుంది. పొన్నగంటి పూలు ఆకు మొదట్లోనే అతుక్కుని ఉంటాయి. మీ ఆఫీసులో ఎవరూ ఆకుకూరలు కొనరా?

అయినా ఆ పేజీలో ముప్పాతిక వంతు వెంచర్ల ప్రకటనలే. పొలాలను ప్లాట్లు చేసేవాళ్ల సొమ్ముతో సేద్యం పేజీ నడపడం మీకే చెల్లింది. మిగిలిన ఆ కాస్త చోటులోనైనా సంగతి పూర్తిగా చెప్పాలి కదా!

ఈ పురుగును మన చెరువుల్లోకీ దించాలని మీ విలేకరి సలహా. దాని పిల్లపురుగు గుల్లగా ఉన్న కాడలోకి దూరి ప్యూపా అవుతుంది. గట్టున పెరిగే అలిగేటర్ కలుపుకు కాడ సన్నం కాబట్టి అక్కడ దాని ఆటలు సాగవు. ఈ ముక్క రాయలేదేం? పైగా ఆ కలుపూ పొన్నగంటీ అక్కచెల్లెళ్లు, ఒకే ప్రజాతి. 1980లలో ఈ పురుగును తెచ్చుకున్న చైనాలో అది పొన్నగంటినీ తింటోంది. వేడి పెరిగేకొద్దీ ఆ దాడి పెరుగుతుందని 2015లో అక్కడి పరిశోధకులే తేల్చారు. మన ఎండలేమైనా తక్కువా? వయ్యారిభామ కలుపును అణచడానికి 1984లో మెక్సికో పురుగును వదిలితే, పొద్దుతిరుగుడు ఆకులు కూడా కొరుకుతోందని తర్వాత ఎంత గొడవైందో మీ పాత సంచికలు తిరగేసి చూసుకోండి.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో రెండు మొక్కల ఫొటోలూ పక్కపక్కన వేయండి. ఓ వెంచరు ప్రకటన తగ్గినా మాకేం బెంగ లేదు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, తెనాలి