ఆషాఢంలో ఆఫ్రికా

ఆఫ్రికా అంటే మనలో చాలామందికి ఒకటే అడవి. అందులో ఒక మూల సింహం, ఇంకో మూల ఏనుగు, మధ్యన మన జీపు. అది యాభైకి పైగా దేశాలున్న ఖండమనీ, ఒక దేశంలో వానలు కురిసేటప్పుడు ఇంకో దేశంలో నేల బీటలువారి ఉంటుందనీ, టిక్కెట్టు కొనబోయేదాకా ఎవరికీ తోచదు.

రామతీర్థంలో మా అప్పకు ఆ అవసరం వచ్చింది. మా మేనల్లుడు జొహానెస్‌బర్గులో ఉద్యోగం చేస్తున్నాడు. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ ఎక్కి నేటాలు చెరకుతోటలకు కూలికి వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. అదే దేశం నుంచి ఇవాళ కొడుకు తల్లిని విహారానికి పిలుస్తున్నాడు! టాంజానియాలోని సెరెంగెటి, బోట్స్వానాలోని ఒకవాంగో, ఈ రెండింటిలో ఒకటి కోరుకోమన్నాడు. రెండూ చూపించే స్తోమతు లేదని దాపరికం లేకుండా చెప్పాడు. అప్పకు 62 ఏళ్లు. కాశీ దాటి ఎరగదు. మళ్లీ ఇలాంటి ప్రయాణం ఉంటుందని ఆమె అనుకోవడంలేదు, నేనూ అనుకోవడంలేదు.

తీర్పు నాకు అప్పగించారు. “తెలుగు మాస్టారికి మొసళ్ల సంగతేం తెలుసు?” అన్నారు బావగారు. గజేంద్రమోక్షం పాతికేళ్లుగా చెబుతున్నవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందన్నాను.

అప్ప మాత్రం ఒక్కటే అడిగింది. “మనం వెళ్లేసరికి ఆ జంతువులు అక్కడుంటాయేట్రా?”

నవ్వకండి. అసలు ప్రశ్న అదే. మొన్న వేసవిలో వాళ్ల వీధిలోవారు అద్దెకారు మాట్లాడుకుని, టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షులను చూడబోయి, ఖాళీ చింతచెట్లను చూసి తిరిగొచ్చారు. అక్కడి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలపు చుట్టాలు. సైబీరియా నుంచి వస్తాయని మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, ఆ గూడబాతులు సైబీరియాలో పిల్లలు చేయవంటారు పక్షిశాస్త్రం చదివినవారు. ఎక్కడివైతేనేం, ఇళ్ల మధ్య చెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్లిపోతాయి. అదే జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఉంది. అక్కడి నత్తగుల్లకొంగలు తొలకరితో దిగుతాయి. ఒక్క జిల్లాలోనే రెండూళ్లకు రెండు పంచాంగాలున్నాయి, ఆఫ్రికా మాట చెప్పాలా?

సెరెంగెటి విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. 2022కు ముందున్న మన విజయనగరం జిల్లావంటివి రెండు పట్టి ఇంకా చోటు మిగులుతుంది. అక్కడ పదిలక్షలకు పైబడి వైల్డ్‌బీస్టులు ఉన్నాయి. ఆవు మొహం, గుర్రం జూలు, మేక గడ్డం కలిపి, ఆఖరుకు జింకల జాతిలో చేర్చిన జంతువది. వాటి వెంట లక్షల చారలగుర్రాలు. ఇవి ఒకచోట ఉండవు. వాన ఎటు కురిస్తే గడ్డి కోసం అటు నడుస్తాయి. ఫిబ్రవరిలో దక్షిణాన పొట్టిగడ్డి మైదానాల్లో ఈనుతాయి. కొద్దివారాల్లో లక్షల దూడలు నేలమీద పడి, పడిన కాసేపటికే లేచి తల్లివెంట పరుగెడతాయి. జులై వచ్చేసరికి మంద ఉత్తరాన మారా నది దగ్గరికి చేరుతుంది. టెలివిజన్లో మీరు చూసే మొసళ్ల ఘట్టం అక్కడిదే.

ఆ ఘట్టం ఫలానా రోజున జరుగుతుందని ఎవరూ చెప్పలేరు. వేలమంద ఒడ్డుదాకా వచ్చి, నీళ్లు చూసి, ఏ కారణమూ లేకుండా వెనక్కి తిరుగుతుంది. రోజంతా జీపులో కూర్చుని, చివరకు దుమ్ము దులుపుకుని బసకు చేరినవారు ఎందరో. మా మేనల్లుడి మనసంతా దీనిమీదే ఉంది. వాడి వయసుకు అది తగును.

ఒకవాంగో తీరు వేరు. ఆ నది అంగోలా ఎత్తుభూముల్లో పుట్టి సముద్రానికి కాక, కలహారి ఎడారివైపు పోతుంది. “సముద్రంలో కలవని నది కూడా ఉంటుందేట్రా?” అని అప్ప ఆశ్చర్యపోయింది. ఎడారి అంచున వేళ్లలా చీలి, ఇసుకలో ఇంకి, ఎండకు ఆవిరై అక్కడే ఆగిపోతుంది. చిత్రమేమంటే, అంగోలాలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో కురిసిన వాన ఈ చిత్తడినేలల చివరిదాకా చేరేసరికి జూన్, జులై అవుతుంది. మన చంపావతి వరద రాత్రికి రాత్రి వచ్చి పోతుంది. అక్కడ నేల బల్లపరుపు, నీరు పాకుతూ వస్తుంది. అప్పటికి చుట్టుపక్కలంతా ఎండాకాలపు కరువు. అందువల్ల ఏనుగులు, అడవిదున్నలు, వాటి వెనక సింహాలు నీటికోసం అక్కడికే చేరతాయి. ఇక్కడ మనం ఏ ఒక్క ఘట్టం కోసమూ పడిగాపులు పడనక్కరలేదు. పైగా ఆ నేలలో ఒక భాగమైన మొరేమిని 1963లో బటవానా తెగవారు, తాము వేటాడుకునే భూమి అయినా, తామే ముందుకొచ్చి రక్షితప్రాంతం చేసుకున్నారు. తేలినీలాపురం వాళ్లు తమ పెరటిచెట్లను కొంగలకు వదిలినట్టే ఉంది నాకు.

ఇంతకీ అప్ప ఎప్పుడు కదలగలదు? శివరాత్రికి రామతీర్థం జాతర, ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. ఆ వెనకే శ్రీరామనవమి కల్యాణం. శ్రావణం వస్తే నోములు, కార్తీకం వస్తే దీపాలు. ఆమె ఊపిరి పీల్చుకునేది ఒక్క ఆషాఢంలో. అంటే ఇంచుమించు జులై.

అప్ప ఫిబ్రవరిలో కదలగలిగితే రెండో మాట లేకుండా సెరెంగెటి అనేవాణ్ణి. ఆ దూడలను చూసి పాడి ఎరిగిన మనిషి పొందే సంతోషం మనలాంటివాళ్లకు దక్కేది కాదు. జులైకైతే నా ఓటు ఒకవాంగోకే. (పిల్లల సెలవులని ఏప్రిల్‌లో సెరెంగెటికి బయల్దేరే కుటుంబాలకు ఒక్క మాట: అది అక్కడ పెద్దవానల కాలం, బండ్లు బురదలో దిగబడతాయి.)

మలేరియా భయం రెండుచోట్లా ఉంది, మాత్రలు తప్పవు. జులైలో ఒకవాంగోలో శీతాకాలం, తెల్లవారుజామున దుప్పటి చాలదు, ఉన్నిబట్టలు కావాలి.

మొకోరో అనే సన్నని దోనెలో అడుగున చతికిలబడి కూర్చోవాలని, మోకాళ్ల సంగతి ఆలోచించమని చెప్పాను. “పీటమీద కూర్చుని ఊరంతటికీ వండినదాన్ని, ఆ దోనొక లెక్కా?” అంది.

బోట్స్వానా ప్రభుత్వం కొద్దిమందినే రానిచ్చి గట్టిగా వసూలు చేసే పద్ధతి పెట్టుకుంది. సెరెంగెటిలో వారంరోజులుండే సొమ్ముకు ఒకవాంగోలో నాలుగురోజులే వస్తాయని మేనల్లుడు లెక్కగట్టి, అమ్మ చిన్నబుచ్చుకుంటుందేమోనని నాకు ఫోను చేశాడు. అప్పతో చెప్పాను.

“నాలుగు చాల్రా. ఐదోరోజున మీ బావకు పాలు తోడుపెట్టేదెవరు?”