కాలవ గట్టు మీద మూడు రోజులు

గత వారం ఈ కాలమ్ రాలేదు. "ఏంటి బాస్, ఉద్యోగం పోయిందా?" అని ఒకరు, "పెళ్లి కుదిరిందా?" అని ముగ్గురు మెసేజ్ పెట్టారు. రెండూ కాదు. ఫ్రాన్స్‌లో ఒక ఆస్పత్రిలో చేతికి సెలైన్ పెట్టించుకుని పడుకున్నాను. కారణం పరుగు. దాంతోపాటు కాస్త నా పొగరు.

మొదట్నుంచి చెప్తాను.

ప్రాజెక్టు పని మీద టులూజ్ వచ్చి ఏడాదిన్నర అవుతోంది. నా గదికి పది నిమిషాల దూరంలో ఒక కాలవ ఉంది. పేరు కెనాల్ దు మిది. గోదావరి జిల్లా వాణ్ణి కదా, కాలవ కనపడితే కాళ్లు అటే పోతాయి. అవే గట్లు, అవే లాకులు. లాకు తలుపులు మూసి, నీళ్లు నింపి, పడవని పైకెత్తుతుంటే ధవళేశ్వరంలో నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. తేడా ఏంటంటే, మన డెల్టా కాలవలు 1850ల నాటి కాటన్ దొర కాలానివి. ఇది వాటికన్నా దాదాపు రెండొందల ఏళ్లు పెద్దది.

దీన్ని తవ్వించింది పియెర్ పాల్ రికే. ఆయన ఇంజినీర్ కూడా కాదు, రాజుగారి ఉప్పు పన్ను వసూలు కాంట్రాక్టు తీసుకున్న మనిషి. టులూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా కాలవ తవ్వితే సరుకు పడవలు స్పెయిన్ మొత్తం చుట్టి రానక్కర్లేదు. ఆ ఆలోచన అంతకు ముందు కూడా చాలామందికి వచ్చింది. కానీ మధ్యలో నౌరూజ్ అనే మిట్ట ఉంది, సముద్ర మట్టానికి సుమారు 190 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి కాలవ రెండు వైపులా కిందికి దిగాలి. మరి మిట్ట మీదకి నీళ్లెక్కడివి? రికే దూరంగా ఉన్న కొండల్లో వాగుల నీళ్లు మళ్లించి, సాన్ ఫెరియోల్ దగ్గర పెద్ద చెరువు కట్టించి, అక్కణ్ణుంచి నౌరూజ్‌కి తెప్పించాడు. 1666లో రాజాజ్ఞ వచ్చింది. 1681లో కాలవ తెరిచారు. పొడవు 240 కిలోమీటర్లు. రికే మాత్రం అది తెరవడానికి కొన్ని నెలల ముందే, 1680లో పోయాడు.

ఈ గట్టు మీదే ఒక చిన్న రేసు జరుగుతుంది. నలభై మంది ఉంటారేమో. టులూజ్‌లో మొదలుపెట్టి, కాలవ వెంబడి వెళ్లి, సముద్రం ఒడ్డున సెత్ అనే ఊళ్లో ముగించాలి. ఐదు రోజులు, సుమారు 260 కిలోమీటర్లు. దీన్ని స్టేజ్ రేసు అంటారు. రోజుకో భాగం, ఒక్కోదానికి ఒక టైమ్ లిమిట్. రోజూ పట్టిన టైమ్ కలుపుకుంటూ పోతారు. రాత్రి ఏదో ఊరి వ్యాయామశాలలో నేల మీద చాప వేసుకుని పడుకోవడం, పొద్దున్నే లేచి మళ్లీ పరిగెత్తడం.

అమ్మకి ఫోన్‌లో చెప్తే ఒకటే అడిగింది. "ఎవరు తరుముతున్నార్రా నిన్ను?"

నిజానికి అది మంచి ప్రశ్న. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొదటి రోజు 65 కిలోమీటర్లు, కాస్తెల్‌నోదరీ దాకా. దారంతా చదును. "ఎత్తుపల్లాల్లేవు, ఇంకేం కావాలి" అనుకుని అనుకున్నదానికన్నా స్పీడుగా వెళ్లాను. యాప్‌లో గ్రాఫ్ చూసి మురిసిపోయాను, ఆఫీసు గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టాను. డెబ్బై రెండు లైకులు. ఆ ఊరు కసూలే అనే వంటకానికి ప్రసిద్ధి. తెల్ల చిక్కుడు గింజల్ని బాతు మాంసం, పంది మాంసంతో గంటల తరబడి ఉడికిస్తారు. రెండు ప్లేట్లు లాగించాను.

నేను చేసిన మొదటి తప్పు అక్కడే. చదును దారి తేలికని మనం అనుకుంటాం. కొండ దారిలో ఎక్కేటప్పుడు ఒక కండ, దిగేటప్పుడు ఇంకో కండ పనిచేస్తాయి, ఒకదానికొకటి విశ్రాంతి ఇచ్చుకుంటాయి. కాలవ గట్టు మీద అదేం ఉండదు. అదే అడుగు, అదే కోణం, రోజుకి అరవై వేల సార్లు. ఎవరో మనల్ని ఫర్ లూప్‌లో పెట్టి మర్చిపోయినట్టు. రెండో రోజు సాయంత్రానికి నా కుడికాలు ముందు భాగంలో, చీలమండకి కాస్త పైన, తాడు లాంటి వాపు తేలింది. చాలా రోజుల పరుగుల్లో ఇది మామూలే. పాదాన్ని పైకెత్తే నరం ఒరుసుకుని వాస్తుంది. షూ లేసులు బిగించి కడితే ఇంకా త్వరగా వస్తుంది. నేను బిగించే కట్టాను.

ఆ రాత్రి ట్రెబ్ అనే ఊళ్లో పడుకున్నాం. నా పక్క చాప మీద అరవై దాటిన ఒకావిడ, రిటైరైన టీచరు. ఇలాంటి పరుగులు చాలా చూసిన మనిషి. లైట్లు ఆర్పాక నేను బ్యాగులోంచి ఐబుప్రోఫెన్ స్ట్రిప్ తీశాను. రేసులో నొప్పి మాత్రలు వేసుకోవద్దని రూల్స్‌లో రాసి ఉంది. నేను సంతకం కూడా పెట్టాను. ఆవిడ ఫోన్ లైట్‌లో స్ట్రిప్ చూసి, "ఏంటది?" అంది.

"విటమిన్" అన్నాను.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున్న ఇంకో రెండు వేసుకుని బయల్దేరాను. కాలు భలే ఉంది! నొప్పి లేదు, నేనే రాజుని. కానీ ఆ దారిలో నీడ లేదు. కెనాల్ దు మిది అంటే అందరూ చూసే ఫొటోల్లో రెండు వైపులా పెద్ద పెద్ద ప్లేన్ చెట్లుంటాయి, కశ్మీర్ చినార్‌కి దగ్గర చుట్టాలు. కాలవ పొడవునా 42 వేల దాకా ఉండేవట. 2006లో ట్రెబ్‌కి దగ్గర్లోనే వాటికి ఒక శిలీంధ్రం సోకినట్టు కనిపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చిన మందుగుండు చెక్కపెట్టెలతో పాటు అది దక్షిణ ఫ్రాన్స్‌కి వచ్చిందంటారు. దానికి మందు లేదు. సోకిన చెట్టుని, దాని చుట్టుపక్కల చెట్లని కొట్టి తగలబెట్టడమే. అలా వేల చెట్లు పోయాయి. వేరే రకం మొక్కలు నాటుతున్నారు కానీ అవింకా నా భుజం ఎత్తు దాటలేదు.

పైన జూన్ ఎండ. వెనక నుంచి పొడిగాలి. ఆ గాలికి చెమట పట్టినట్టే తెలీదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. అందుకని నీళ్లు తక్కువ తాగాను. పన్నెండు గంటలప్పుడు పక్కకి వెళ్లాను. చెట్టు చాటు అందామంటే చెట్లే లేవు. మూత్రం కోలా రంగులో వచ్చింది.

చూశాను. చూసి కూడా పరిగెత్తాను. ఇక్కడ నేను చెప్పాలనుకున్నది ఇదే, అందుకే దాచట్లేదు. ప్రొడక్షన్‌లో ఎర్రర్ కనపడితే అర్ధరాత్రి లేచి లాగ్స్ చూసేవాణ్ణి, నా ఒంట్లో ఎర్రర్ వస్తే అలర్ట్ మ్యూట్ చేశాను.

ఓమ్స్ దగ్గర నీళ్ల స్టాల్ ఉంది. నెమ్మదిగా వెళ్లేవాళ్లు మా కన్నా గంట ముందు బయల్దేరతారు, కాబట్టి టీచరుగారు అప్పటికే అక్కడున్నారు. రేసు డాక్టరమ్మ నా దగ్గరకి వచ్చి, "మూత్రం ఏ రంగులో వస్తోంది?" అంది.

"మామూలుగానే."

ఆవిడ వాదించలేదు. ఒక ప్లాస్టిక్ కప్పు చేతిలో పెట్టింది.

రెండు నిమిషాల్లో నా నంబరు బిళ్ల తీసేశారు. టీచరుగారే చెప్పారని అర్థమైంది. కోపం ముంచుకొచ్చింది. కారెక్కుతూ ఆవిడ వైపు చూడను కూడా లేదు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలకి వెళ్లే రక్తం తగ్గుతుంది. అప్పుడు శరీరం కొన్ని రసాయనాలతో ఆ రక్తనాళాల్ని తెరిచి ఉంచుతుంది. ఐబుప్రోఫెన్ ఆపేది సరిగ్గా ఆ రసాయనాల్నే. దానికి తోడు, గంటల తరబడి పరిగెత్తితే కండరాలు చిట్లి వాటిలోని ప్రొటీన్ రక్తంలో కలుస్తుంది, అది కూడా వచ్చి కిడ్నీలోనే ఇరుక్కుంటుంది. కోలా రంగు దానివల్లే. నా క్రియాటినిన్ 1.9 ఉంది. మగవాళ్లకి 1.3 లోపు ఉండాలి.

పడుకుని ఫోన్‌లో వెతికితే ఒక అధ్యయనం దొరికింది, 2017లో వచ్చింది. ఇలాంటి స్టేజ్ రేసుల్లోనే 89 మందిని తీసుకుని, కొందరికి ఐబుప్రోఫెన్, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో వాళ్లకి తెలీదు. ఆ రోజు పరుగు అయ్యాక చూస్తే, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి, ఐబుప్రోఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి కిడ్నీలు దెబ్బతిన్న గుర్తులు కనపడ్డాయి. చిన్న అధ్యయనమే. కానీ మాత్ర లేకుండా కూడా ముగ్గురిలో ఒకరికి అన్నది చదివి లేచి కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చాడు నాన్న.

"నాన్నా, మోకాళ్లకి రోజూ ఏం మాత్ర వేసుకుంటున్నావ్?"

"అదేరా, మెడికల్ షాపులో అబ్బాయి ఇస్తాడు. చిన్నది."

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు ఇంజినీరింగ్‌లో చేరినప్పట్నుంచీ అనుకుంటా. వేసుకుంటే గానీ పొలం దాకా నడవలేను."

పదేళ్లు. స్ట్రిప్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నాను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతిదే. ఎండలో పని, నీళ్లు తక్కువ, రోజూ మాత్ర. నేను మూడు రోజుల్లో చేసిందే ఆయన పదేళ్లుగా, ఏ మెడలూ లేకుండా, చేస్తున్నాడు. నన్ను ఆపడానికి ఒక టీచరుగారు దొరికారు. ఆయన్నెవరు ఆపుతారు?

మర్నాడే రక్తపరీక్ష చేయించాం. క్రియాటినిన్ 1.6. డాక్టరుగారు ఆ మాత్ర ఆపించి, నొప్పికి వేరే మందు, కాళ్లకి చిన్న చిన్న వ్యాయామాలు రాశారు. నెలాగి మళ్లీ పరీక్ష చేయించమన్నారు. "నీ పరుగు పిచ్చి వల్ల నాకు బిళ్ల పోయింది" అని నాన్న తిట్టాడు.

ఐదో రోజు పొద్దున్న నన్ను డిశ్చార్జ్ చేశారు. ఎండలో తిరగొద్దన్నారు. రైలెక్కి సెత్ వెళ్లి, ఫినిష్ దగ్గర టెంటు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్లకి ఉప్పు సూపు పోసే పని నాకిచ్చారు. రన్నర్లు ఆఖర్న వచ్చే దారి చూడాల్సిందే. ఒక పక్క మధ్యధరా సముద్రం, ఇంకో పక్క తో ఉప్పునీటి సరస్సు, నీళ్లలో వరసలుగా ఆయిస్టర్లు పెంచే రాటలు, మధ్యలో సన్నటి ఇసుక దిబ్బ. పాత రోడ్డుని సముద్రం కోసేస్తుంటే దాన్నే లోపలికి జరిపారు.

టీచరుగారు టైమ్ లిమిట్‌కి పదకొండు నిమిషాల ముందు వచ్చారు. ఒంగిపోయి నడుస్తున్నారు. నా టేబుల్ దగ్గర ఆగారు. నా ఫ్రెంచ్ అంతంతమాత్రం, ఏం చెప్పాలో ఆ రెండు రోజులూ రిహార్సల్ చేసుకున్నాను. తీరా నోటికొచ్చింది ఒకటే ముక్క.

"అది విటమిన్ కాదు."

"తెలుసు" అన్నారావిడ. సూపు గిన్నె అందుకుని, "ఇందులో ఇంకాస్త ఉప్పు వెయ్యి" అన్నారు.

వచ్చే నెల హైదరాబాద్ మారథాన్ అని మీలో చాలామంది ప్రాక్టీసులో ఉన్నారని తెలుసు. ఒక్క మాట. పరుగుకి ముందు గానీ, మధ్యలో గానీ, అయిన వెంటనే గానీ నొప్పి మాత్ర మింగకండి. మూత్రం టీ రంగులోనో కోలా రంగులోనో వస్తే ఆగిపోండి, ఆస్పత్రికి వెళ్లండి. అలాగని లీటర్లకి లీటర్లు మంచినీళ్లు పట్టించినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగండి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ నాన్నగారు, అమ్మగారు రోజూ ఏ మాత్ర వేసుకుంటున్నారో పేరు చదివించుకోండి. రంగు కాదు, పేరు.

నిన్న టీచరుగారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "వచ్చే జూన్‌లో వస్తున్నావా?" అని. ఇంకా జవాబివ్వలేదు. ముందు నాన్న రెండో రిపోర్టు రానీ.