నోరున్నవాళ్ళదేనా ఊరు?

"నాతోని కాదు చిన్నమ్మా!" అంటూ మా అక్క కూతురు సంచీ విసిరేసి కూలబడింది.

మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. అలాంటి ఓ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతోంది. ఆ రోజు ఎవరో శిక్షకుడు వచ్చి, ఉద్యోగం కావాలంటే పరిచయాలు పెంచుకోవాలనీ, గదిలో ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపి, అర నిమిషంలో తన గొప్ప తాను చెప్పుకోవాలనీ అన్నాడట. ఇది నోరు పెగలక నిలబడిపోతే "ఇలాగైతే వంటింటికే పనికొస్తావు" అన్నాడట. అందరూ నవ్వారట. "ఇంటర్వ్యూలకు పోనే పోను" అని భీష్మించుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళ క్రితం "ఆవిడకు చొరవ లేదండీ" అన్న ఒక్క ముక్కతో నాకు రావలసిన ప్రమోషన్ మరొకరికి పోయింది. నిజమే కాబోలనుకుని నేనూ నోరు మూసుకున్నాను. ఆ తప్పు దానిచేత చేయించదలచుకోలేదు.

అసలు మనకు చొరవ నేర్పేదెవరండీ? "ఆడపిల్లవి, గట్టిగా మాట్లాడకు" అన్నవాళ్ళే కదూ! ఇరవై ఏళ్ళు నోరు నొక్కి, ఇరవై ఒకటో ఏట "నోరెందుకు లేవదూ?" అంటే ఎలా? పోనీ లేచిందే అనుకోండి, "అమ్మో, గడుసుది!" అనేదీ వాళ్ళే.

పరిచయాలు అక్కర్లేదని నేననను. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఓ వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని అడిగితే, ఆ కబురు చెప్పింది ప్రాణస్నేహితులు కాదు, ఎప్పుడో తప్ప కలవనివాళ్ళేనని ఎక్కువమంది అన్నారట. సబబే. మన ఇంట్లోవాళ్ళకు తెలిసింది మనకూ తెలుసు. కొత్త కబురు అవతలి వీధినుంచే రావాలి. కానీ ఆ సన్నని దారం తెగకుండా చూసుకోవడానికి పెద్ద గొంతెందుకు? పండక్కో పలకరింపు, ఫోన్లో రెండు వాక్యాలు చాలవూ?

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ మాటకారి కాదు. కానీ ఎవరికి ఏ రంగు నప్పుతుందో, ఎవరింట్లో పెళ్ళి ఉందో ఆవిడకు తెలుసు. వినడం ఆవిడ విద్య. కుట్టిన జాకెట్టే ఆవిడ విజిటింగ్ కార్డు. పొదుపు సంఘం నాయకురాలు మరో రకం. బస్సులో పక్క సీటావిడతో దిగేలోగా చుట్టరికం కలిపేస్తుంది. బ్యాంకుకు వెళ్ళి మాట్లాడాలంటే ఈవిడ కావాలి. సంఘం లెక్కలు తప్పు లేకుండా రాయాలంటే నోరు విప్పని ఇంకొకావిడ కావాలి. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ? మీరే చెప్పండి.

1902లో మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టిన భండారు అచ్చమాంబ ఊరూరా తిరిగి మాట్లాడింది, పుస్తకాలూ రాసింది. గొంతు వెళ్ళలేని ఇళ్ళలోకి అక్షరం వెళ్ళింది. మాట ఒక దారి, రాత ఒక దారి.

అందుకే మా పిల్లతో అన్నాను: "నీకు గుంపు పడదు. పడొద్దు. నీకు రాయడం వచ్చు. పాత సీనియర్లు, పాఠం చెప్పిన మేడమ్, ఐదుగురి పేర్లు రాయి. ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్న. ఉద్యోగం అడగకు, వాళ్ళ పని గురించి అడుగు. జవాబిస్తే థాంక్స్ చెప్పడం మరచిపోకు." అంతే గానీ, సిగ్గు పేరుతో మూల కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. అది మన స్వభావం కాదు, మన భయం. రెంటికీ తేడా ఉంది.

ముగ్గురు జవాబే ఇవ్వలేదు. ఒకమ్మాయి ఎనిమిది రోజులకు రాసింది. మేడమ్ మాత్రం పిలిచి గంటసేపు మాట్లాడారు. ఉద్యోగం వచ్చిందా అంటారా? మొదటిచోట రాలేదు. రేపు రెండోచోటికి వెళ్తోంది. నాకు కావలసింది అదే.

ఇక ఆ శిక్షకుడికి ఒక్క మాట. అయ్యా, వంటింట్లో మేం పప్పుకీ పాలకీ ఒకే సెగ పెట్టం. దేనికెంత కావాలో చూసి పెడతాం. ఆ పాటి తెలివి నేర్చుకోవడానికైనా, తమరోసారి మా వంటింటికి దయచేయండి!