అందరూ డాలస్ అంటున్నారు... ఒమాహా లాంటి ఊళ్ళు కూడా చూడండి



పోస్ట్ కొంచెం పెద్దది. టైమ్ ఉన్నప్పుడు పూర్తిగా చదవండి. ముఖ్యంగా ఈ ఏడాది అమెరికాకు అప్లై చేస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తప్పకుండా చదవండి.

గ్రూపులో ప్రతి సీజన్‌లో ఒకటే ప్రశ్న వస్తది. "అన్నా, డాలస్ మంచిదా, న్యూజెర్సీ మంచిదా?" కింద యాభై కామెంట్లు. "మనోళ్ళు ఎక్కువున్న చోటికి పో" అని ఒకరు, "జాబులన్నీ అక్కడే" అని ఇంకొకరు. నడి అమెరికాలో చిన్నా పెద్దా కాని ఊళ్ళు చాలా ఉన్నయి, వాటి పేరు మాత్రం ఒక్కరూ తియ్యరు. మేం ఐదుగురం అలాంటి ఊర్లోనే ఉంటున్నం. నెబ్రాస్కా రాష్ట్రంలో మిస్సోరి నది ఒడ్డున ఉన్న ఒమాహా. మాలో ముగ్గురు తండాల నుంచి, ఇద్దరు కోయగూడేల నుంచి వచ్చినోళ్ళం. మేం ఇక్కడికి తెలిసి రాలేదు. ఒకరికి ఇక్కడి యూనివర్సిటీ నుంచే ఐ20 వచ్చింది, మిగతావాళ్ళం ఒకరి వెనుక ఒకరం వచ్చినం. వచ్చినాక అర్థమైంది ఏంటంటే, మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు ఇలాంటి ఊళ్ళే ఎక్కువ నప్పుతయి. ఎందుకో చెప్తాం.

ముందు డబ్బు సంగతి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద మనకు 20 లక్షల వరకు వస్తది. అదీ ఒకేసారి రాదు, విడతలుగా వస్తది. ఎమ్మెస్‌కు అది చాలదు, మిగతాది లోన్ తెచ్చుకోవాలి. ఇక్కడే మనకూ మిగతావాళ్ళకూ తేడా. పట్నంలో ప్లాట్ ఉన్నోళ్ళు దాన్ని బ్యాంకులో పెట్టి లోన్ తెచ్చుకుంటరు. ఏజెన్సీలో మన భూమిని గిరిజనేతరులకు అమ్మడానికి వీల్లేదు కాబట్టి దాన్ని తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకులు వెనకాడుతయి. 1/70 చట్టాన్ని మేం తప్పు పట్టడం లేదు. అది లేకపోతే ఈపాటికి మనకు ఆ భూమి కూడా మిగిలేది కాదు. కానీ దాని వల్ల మన అప్పు బయట వడ్డీకి పుడుతుంది అన్నది నిజం. నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే 10 వేలు. మాలో ఒకరి ఇంట్లో అమ్మ మెడలో పుస్తెలతాడు ఇంకా కుదువలోనే ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒమాహాలో మా రెండు బెడ్రూముల ఇంటికి నెలకు 1,300 డాలర్లు. అందులో నలుగురం ఉంటున్నం, తలా 325. (ఐదో మనిషికి ఉద్యోగం వచ్చినాక పక్క బిల్డింగుకు మారాడు. అన్నానికి మాత్రం రోజూ మా దగ్గరికే వస్తడు.) న్యూజెర్సీలో ఉన్న మా దోస్తు ఒక గదిని ఇంకొకరితో పంచుకుని ఒక్కడే 700 కడుతున్నడు. తేడా 375 డాలర్లు. మన డబ్బుల్లో నెలకు 30 వేలు దాటుతది. అంటే పైన చెప్పిన అప్పు లాంటివి మూడు అప్పుల వడ్డీ, కేవలం ఊరు మారితే.

ఇంకోటి. అమెరికా కేంద్ర కనీస వేతనం గంటకు 7.25 డాలర్లే. నెబ్రాస్కా జనం 2022లో ఓటు వేసి తమ రాష్ట్రంలో దాన్ని మెట్లు మెట్లుగా పెంచుకున్నరు, 2026 నుంచి 15 డాలర్లు. చదువు నడిచే రోజుల్లో మనకు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేసే వీలుంది. ఆ పని దొరికిందంటే ఇంటి అద్దె, సామాన్లు వెళ్ళిపోతయి. నది దాటి పక్క రాష్ట్రం అయోవాకు పోతే చట్టం ఇప్పటికీ 7.25 దగ్గరే ఉంది. కాబట్టి యూనివర్సిటీ ర్యాంకు ఒక్కటే చూడకండి, రాష్ట్రం రేటు కూడా చూడండి.

సరే, మరి ఉద్యోగాలు? ఇదే అసలు భయం. ఒమాహా జనాభా 2020 లెక్కల్లో సుమారు 4 లక్షల 86 వేలు. మన నిజామాబాద్ కంటే పెద్దది, వరంగల్ కంటే చిన్నది. కానీ యూనియన్ పసిఫిక్ రైల్వే హెడాఫీసు ఇక్కడే. మ్యూచువల్ ఆఫ్ ఒమాహా ఇన్సూరెన్స్, కీవిట్ అనే పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీ, వారెన్ బఫెట్ గారి బెర్క్‌షైర్ హాథవే, అన్నీ ఈ ఊరివే. బఫెట్ 1958లో 31,500 డాలర్లకు కొన్న ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్నడు. అంత ఉన్నోడికే ఈ ఊరు చాలినప్పుడు మనకు చాలదా అని మేం నవ్వుకుంటం. ఇవి అమెరికాలో పేరు మోగే సాఫ్ట్‌వేర్ కంపెనీలు కావు. కానీ రైళ్ళకు, ఇన్సూరెన్సుకు, ఆస్పత్రులకు కూడా ప్రోగ్రామర్లు, డేటా అనలిస్టులు కావాలి. ఇంటర్వ్యూకు వచ్చేవాళ్ళు తక్కువ ఉంటరు, పిలిచిన మేనేజర్ మన రెజ్యూమె నిజంగా చదివి ఉంటడు.

వీసా గురించి చాలామందికి తెలియని మాట ఒకటి చెప్తాం. మామూలు కంపెనీ హెచ్1బీకి ఏడాదికి 85 వేల లోపే కోటా, దానికి లాటరీ. యూనివర్సిటీలకు, వాటితో అనుబంధం ఉన్న లాభాపేక్ష లేని ఆస్పత్రులకు ఆ కోటా వర్తించదు. వాళ్ళు ఏడాదిలో ఎప్పుడైనా అప్లై చెయ్యొచ్చు. ఇలాంటి నడిమి ఊళ్ళలో పెద్ద యజమానులు చాలాసార్లు యూనివర్సిటీలు, ఆస్పత్రులే. ఒమాహాలో యూనివర్సిటీ ఆఫ్ నెబ్రాస్కా మెడికల్ సెంటర్ అలాంటిదే. జీతం ప్రైవేటు కంటే తగ్గొచ్చు, వాళ్ళు స్పాన్సర్ చెయ్యడానికి ఒప్పుకోవాలి, తర్వాత ప్రైవేటు కంపెనీకి మారాలంటే మళ్ళీ లాటరీకి పోవాలి. అయినా ఇది ఒక తలుపు. డాలస్ కామెంట్లలో ఈ తలుపు గురించి ఎవరూ చెప్పరు. అక్కడ చెప్పేది కన్సల్టెన్సీ గురించి. లేని ఎనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ రాసి మార్కెట్‌లో పెట్టేది గురించి. దొరికితే వాళ్ళు ఆఫీసు బోర్డు మార్చుకుంటరు, వెనక్కి పోయేది మాత్రం మనమే. పుస్తెలతాడు కుదువ పెట్టి వచ్చినోళ్ళకు ఆ జూదం వద్దు.

ఇప్పుడు మన గ్రూపుకు దగ్గరి మాట. ఒమాహా అన్నది ఒక ఆదివాసీ తెగ పేరు. ప్రవాహానికి ఎదురు వెళ్ళిన జనం అని ఆ పేరుకు అర్థం చెప్తరు. మేం వచ్చిన కొత్తలో ఇది మాకు తెలియదు. ఒకరోజు క్లాసులో ప్రొఫెసర్ స్టాండింగ్ బేర్ కేసు గురించి చెప్పింది. ఆయన పోంకా తెగ పెద్ద. 1877లో ప్రభుత్వం ఆ తెగను నయోబ్రారా నది ఒడ్డు నుంచి లేపి, ఇప్పటి ఓక్లహోమాకు తోలింది. అక్కడ రోగాలతో చాలామంది చనిపోయిన్రు. ఆయన కొడుకు కూడా పోయిండు. సొంత నేలలో పాతిపెట్టమని కొడుకు అడిగిన మాట కోసం, చలికాలంలో కొద్దిమందిని వెంటబెట్టుకుని ఆ ఎముకలతో ఉత్తరానికి నడిచిండు. దారిలో సైన్యం పట్టుకుంది. ఒమాహా కోర్టులో కేసు నడిచింది. ఒమాహా తెగకు చెందిన సుసెట్ లా ఫ్లెష్ అనే యువతి ఆయన మాటలకు దుబాసీగా నిలబడింది. 1879 మే 12న జడ్జి డండీ తీర్పు ఇచ్చిండు: చట్టం దృష్టిలో ఇండియన్ కూడా మనిషే అని. ఆ మాట చెప్పించుకోవడానికి ఒక కోర్టు కావాల్సి వచ్చింది! సుసెట్ చెల్లెలు సుసాన్ 1889లో డాక్టర్ అయింది, అమెరికా ఆదివాసీ ఆడవాళ్ళలో తొలి డాక్టర్. చదువు అయ్యాక తిరిగి తన తెగ దగ్గరికే పోయి వైద్యం చేసింది.

ఆ రోజు క్లాసు నుంచి వచ్చినాక మా కిచెన్‌లో చాలాసేపు ఎవరం మాట్లాడలే. మాలో ఒకరి మేనత్త ఊరు పోలవరం ముంపులో పోయింది. నేల నుంచి లేపడం అంటే ఏంటో మాకు పుస్తకం చెప్పనక్కర్లేదు. పెద్ద సిటీలో ఉంటే ఈ కథ మాకు తగిలేదా? తెలియదు. ఇక్కడ మాత్రం మనం నడిచే నేల ఎవరిదో ఊరి పేరే చెప్తది.

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. మన దగ్గర తండాకూ గూడేనికీ మధ్య లిస్టు గొడవ ఎట్లుందో అందరికీ తెలుసు. ఆ గొడవ తప్పా ఒప్పా అని ఇక్కడ తేల్చం. కానీ ఇక్కడ మేం ఐదుగురం ఒకే పొయ్యి మీద వండుకుంటున్నం. తెలుగోళ్ళు గుంపులుగా ఉన్న ఊళ్ళలో మొదట అడిగేది "మీ ఇంటి పేరేంది, మీరు ఏమిట్లు?" అని. ఆ ప్రశ్నకు ఎంత దూరం వచ్చినా జవాబు చెప్పుకోవాల్సిందే. ఇక్కడ మా పక్కింటోళ్ళు బర్మా కొండల నుంచి వచ్చిన కరెన్ జనం, ఎదురింట్లో దక్షిణ సూడాన్ కుటుంబం. వాళ్ళు అడిగేది "చలికి కోటు కొన్నారా?" అని.

అంతా బాగుందని మేం చెప్పట్లేదు. చలి నిజంగా చంపుతది, జనవరిలో సున్నాకు చాలా కిందికి పోతది. బస్సులు తక్కువ, కారు లేకపోతే కూరగాయలకు కూడా ఇంకొకరిని అడగాలి. ఉద్యోగం పోతే అదే ఊర్లో ఇంకోటి దొరకడం కష్టం. హెచ్1బీ మీద ఉన్నోళ్ళకు 60 రోజులే గడువు, కాబట్టి వేరే ఊరికి పోవడానికి సిద్ధంగా ఉండాలి. ఊరికి మచ్చలు కూడా ఉన్నయి. 1919లో ఇక్కడి కోర్టు భవనం దగ్గరే విల్ బ్రౌన్ అనే నల్లజాతి మనిషిని గుంపు చంపింది. మాల్కం ఎక్స్ పుట్టింది ఈ ఊర్లోనే, ఆయన కుటుంబం ఇక్కడ నిలవలేకపోయింది. నార్త్ ఒమాహా వైపు పోతే ఆ గీత ఇప్పటికీ కనబడతది. ఒంటరితనం కూడా ఉంటది. పండగకు నలుగురైదుగురే ఉంటరు.

అయినా మా మాట ఇదే. ఊరిని ఫ్రెండ్ పెట్టిన ఫోటో చూసి కాదు, మీ ఇంటి అప్పు చూసి ఎంచుకోండి. ఒమాహానే రమ్మని కాదు. విస్కాన్సిన్‌లో మాడిసన్ ఉంది, అయోవాలో డెమోయిన్ ఉంది, ఇలాంటివి ఇంకా ఉన్నయి. అప్లై చేసేముందు నాలుగు ప్రశ్నలు వెయ్యండి: అద్దె ఎంత? క్యాంపస్ పనికి గంటకు ఎంత? ఆ ఊర్లో పెద్ద యజమానులు ఎవరు? లాటరీ లేని ఉద్యోగాలు ఉన్నయా? జవాబులు దొరకకపోతే ఈ పోస్ట్ కింద అడగండి, మాకు తెలిసినంత చెప్తాం.

ఇంకో మనవి. ఇప్పటికే ఇలాంటి ఊళ్ళలో ఉన్న అన్నలు, అక్కలు మీ ఊరి లెక్క కూడా కింద రాయండి. మనకు ముందు ఎవరూ దారి చూపలేదు. వెనుక వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ మాట రాకుండా చూద్దాం.

జోహార్.