తలలో గడ్డ – ఒంట్లో గడ్డకట్టని నెత్తురు

గురజాల నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. వారి మామగారు దాచేపల్లి దగ్గర మోటారు సైకిలు మీద నుంచి పడ్డారు. హెల్మెట్ లేదు. స్పృహలేని మనిషిని ఊరు దాటించి పెద్ద డాక్టర్లకు చూపించారు. "ఒక పక్క తలలో నెత్తురు గడ్డ ఉందన్నారు. మరో పక్క నెత్తురు గడ్డకట్టడం లేదు, ఆపరేషను ఇప్పుడే కాదన్నారు. వారం తిరిగేసరికి కాలిలో గడ్డకట్టిందని పొట్టమీద ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఇదంతా బిల్లు కోసం ఆడిన నాటకమని మా మరిది అంటాడు. ఏది నిజం డాక్టరుగారూ?"

మూడూ నిజమేనమ్మా.

కత్తిపీటకు వేలు తెగితే కాసేపటికి నెత్తురు ఆగుతుంది. ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు గాయం దగ్గర పోగవుతాయి. ఫైబ్రినోజెన్ అనే మాంసకృత్తు దారాలుగా మారి వాటిని వలలా బిగిస్తుంది. ఈ పనిని మొదలుపెట్టించేది టిష్యూ ఫ్యాక్టర్ అనే పదార్థం. మెదడులో ఇది మెండుగా ఉంటుంది. మెదడు నలిగితే అది నెత్తుట్లో కలుస్తుంది. దాంతో గాయం ఒక్కచోటే అయినా గడ్డకట్టే పని ఒళ్ళంతా మొదలై, ఉన్న సరుకంతా ఖర్చయిపోతుంది. పెళ్ళిలో వండినదంతా మొదటి పంక్తికే వడ్డించేస్తే రెండో పంక్తికి ఏం మిగులుతుంది? పైగా గడ్డల్ని కరిగించే ఏర్పాటు కూడా అదే సమయంలో విజృంభిస్తుంది. తలకు తీవ్రమైన దెబ్బ తగిలినవారిలో కనీసం ముగ్గురిలో ఒకరికి ఈ చిక్కు వస్తుంది.

కాబట్టి తలలో చేరినది గడ్డే అయినా దాని పక్కన నెత్తురు ఊరుతూనే ఉండవచ్చు. మొదటి స్కానులో ఉసిరికాయంత ఉన్నది కొన్ని గంటల్లో నిమ్మకాయంత కావచ్చు. రెండోసారి స్కాను రాసేది అందుకే. గడ్డకట్టని నెత్తురుతో తల తెరిస్తే ఆపడం కష్టం. ముందు ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. మెదడు మీద ఒత్తిడి మరీ పెరిగితే అవి ఎక్కిస్తూనే ఆపరేషను చేస్తారు.

ఇక కాలి సంగతి. కొన్నాళ్ళకు తక్కెడ అటు మొగ్గుతుంది. కదలకుండా పడుకున్న మనిషి కాలి సిరల్లో నెత్తురు గడ్డకడుతుంది. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. తలలో నెత్తురు ఆగిందని రూఢి చేసుకున్నాకే ఆ హెపారిన్ ఇంజక్షన్లు ఇస్తారు.

ఉత్తరం చివర, అంత ముఖ్యం కాదన్నట్టు ఒక మాట రాశారు. మామగారికి గుండెలో స్టెంటు ఉందట, రోజూ బిళ్ళలు వాడతారట, ఆ మాట మూడో రోజు దాకా ఎవరూ చెప్పలేదట. నన్నడిగితే ఉత్తరమంతటిలో ముఖ్యమైనది ఇదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, గుండె కవాటం మార్చిన ఒక రైతును తల దెబ్బతో తెచ్చారు. నెత్తురు పలచబడే బిళ్ళల కాగితం ఆయన భార్య చెంగున ముడివేసుకుని ఉంది. తెల్లవారాక చూపించింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆయన దక్కలేదు.

అలాంటి బిళ్ళలు వాడేవారు వాటి పేర్లు రాసిన చీటీ జేబులో ఉంచుకోవాలి. వారికి తలమీద చిన్న దెబ్బ తగిలినా, లేచి నడుస్తున్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తలనొప్పి అంటే ఆస్పిరిన్ ఇవ్వకండి. స్పృహ లేనివారి నోట్లో కాఫీ, నీళ్ళు పోయకండి. దుప్పటి కప్పండి. ఒళ్ళు చల్లబడితే నెత్తురు ఇంకా గడ్డకట్టదు.

నెత్తురు ఆపే మందు ఒకటుంది, ట్రానెగ్జామిక్ యాసిడ్. జపానుకు చెందిన ఒకామోటో దంపతులు 1962లో దాన్ని వెలుగులోకి తెచ్చారు. పన్నెండు వేల మందికి పైగా రోగులపై జరిగిన క్రాష్-3 పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. మూడు గంటల లోపు ఇస్తే, తల దెబ్బ మరీ తీవ్రం కానివారిలో మరణాలు తగ్గాయి. తీవ్రమైన దెబ్బల్లో అంత మేలు కనబడలేదు. మాచర్ల నుంచి గుంటూరు నూరు కిలోమీటర్ల పైమాటే. అయినవాళ్ళంతా వచ్చేదాకా ఆగకుండా ముందు 108కి ఫోను చెయ్యండి.

గుండె బిళ్ళలు మళ్ళీ వేయవచ్చా అని అడిగారు. మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు, మానిపించనూ వద్దు. స్టెంటు వేసిన డాక్టరుకూ, తలకు వైద్యం చేసిన డాక్టరుకూ తాజా స్కాను చూపించి, ఇద్దరూ సరేనన్న రోజునే మొదలుపెట్టండి.