పద్నాలుగు మందిమే ఎందుకున్నాం?

ఫోటోలు చూసినవాళ్లందరూ ఇంచుమించు ఒకే మాట అన్నారు. ‘ఎంత ముచ్చటగా ఉందో! హంగామా లేదు, ఆర్భాటం లేదు. సముద్రం, సూర్యోదయం, కావలసిన నలుగురు. పెళ్లంటే ఇలా ఉండాలి’ అని. దీనికిప్పుడు ‘ఇంటిమేట్ వెడ్డింగ్’ అని ఒక పేరు కూడా వచ్చింది. పెళ్లిళ్లు చేయించే కంపెనీలు ఆ పేరుతో ప్యాకేజీలు అమ్ముకుంటున్నాయి.

నేను ఆ పెళ్లికి వెళ్లాను. గత ఫిబ్రవరిలో, భీమిలికి కాస్త ఇవతల సరుగుడు తోట పక్కన ఇసుకలో, ఇద్దరమ్మాయిలు పెళ్లి చేసుకున్నారు. ఒకామె స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఇంకొకామె ఫిజియోథెరపిస్టు. తొమ్మిదేళ్లుగా కలిసి బతుకుతున్నారు. వాళ్లిద్దరూ కాక అక్కడ మేం పద్నాలుగు మందిమి. ఆ పద్నాలుగు అన్న అంకె అభిరుచి వల్ల వచ్చింది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వాళ్లు పిలిచింది అరవై మందిని. మొదట అనుకున్నది సముద్రపు ఒడ్డు కూడా కాదు. విశాఖలో ఒక చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చారు. గేటు దగ్గర బోర్డు మీద రాయడానికి పేర్లడిగితే చెప్పారు. మర్నాడు హాలు యజమాని ఫోన్ చేసి, ‘పేర్లలో ఏదో పొరపాటు పడిందమ్మా, పెళ్లికొడుకు పేరు చెప్పండి’ అన్నాడట. పొరపాటేమీ లేదని తెలిశాక సాయంత్రానికల్లా డబ్బు వెనక్కి వచ్చేసింది. మాట మాత్రం మర్యాదగానే మాట్లాడాడట! ఇంకో రెండు హాళ్ల దగ్గరా అదే మర్యాద జరిగాక సముద్రం మిగిలింది. పొద్దున్నే అయిదున్నరకి అనుకున్నది పంచాంగం చూసి కాదు, ఆ వేళకి వాకింగు వాళ్లు కూడా ఉండరని. రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్లని నిలబెట్టాం, ఎవరైనా గుంపుగా వస్తే ఫోన్ చెయ్యమని. ఫోటోల్లో సూర్యోదయం అందుకే అంత బాగా పడింది.

టీచరమ్మాయి వాళ్లమ్మ వచ్చింది. ఇంట్లో సింహాచలం వెళుతున్నానని చెప్పి వచ్చింది. ఏ ఫోటోలోనూ పడకుండా మా అందరి వెనకాల నిలబడింది. దండలు మార్చుకునేటప్పుడు మాత్రం చెప్పులు విడిచి రెండడుగులు ముందుకొచ్చింది. ఇంకొకామె వైపు నుంచి ఎవరూ లేరు. దూరంగా వలలు సర్దుకుంటున్న ఒకావిడ దగ్గరకొచ్చి ‘పెళ్లికొడుకేడమ్మా?’ అని అడిగింది. ఇద్దరూ పెళ్లికూతుళ్లేనని చెప్పాం. ఒక నిమిషం చూసి, ‘అయితే బేగి కానీండి, ఎండెక్కిపోద్ది’ అని వెళ్లిపోయింది. దీన్ని పట్టుకుని శ్రామిక స్త్రీల సహజ చైతన్యం అంటూ నేనేమీ వ్యాఖ్యానించబోవడం లేదు. సొంత కూతురైతే ఆవిడేమనేదో నాకేం తెలుసు? కానీ చదువుకున్న హాలు యజమానులకు పట్టిన కంగారు ఆవిడకి పట్టలేదన్నది నిజం.

ఇక నా తగువు. పిలుపు అందుకున్న అరవైమందిలో పదకొండు మంది మనవాళ్లే. రచయిత్రులు, సంఘాల్లో పనిచేసినవాళ్లు, లైంగికత గురించి వ్యాసాలు రాసినవాళ్లు. వాళ్లలోంచి వచ్చింది నేనూ, ఇంకొకావిడా. మోకాళ్ల నొప్పులూ, మనవల పరీక్షలూ నిజమే, కాదనను. కానీ ముగ్గురు నలుగురు సిద్ధాంతం చెప్పారు. ‘వివాహ వ్యవస్థనే ప్రశ్నించినవాళ్లం మనం. దాని బయట బతికే అవకాశం ఉండి కూడా ఆ పిల్లలు దాంట్లోకే పోతామంటే మనం వెళ్లి అక్షింతలు వెయ్యాలా?’

ఈ మాటని కొట్టిపారెయ్యలేను. నలభై ఏళ్లుగా నేనూ అంటున్న మాటే అది. ఆ రోజు వాళ్లు ఒకరికొకరు తాళి కట్టుకుంటుంటే నాకూ మనసు చివుక్కుమంది. తర్వాత ఇడ్లీలు తింటూ అడిగాను, ఈ పసుపుతాడు అవసరమా అని. ‘మీరు వద్దన్నారక్కా. మమ్మల్ని కావాలా వద్దా అని అడిగినవాళ్లే లేరు’ అంది టీచరమ్మాయి. ఆ జవాబు నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. తాళి ఎవరు ఎవరికి కట్టినా తాళే అని నా నమ్మకం. ఆ తగువు వాళ్లతో ఇంకా సాగుతూనే ఉంది. కానీ తగువు పడటానికి ముందు పెళ్లికి వెళ్లాలి కదా! మన చుట్టాలిళ్లలో లక్షల కట్నంతో జరిగే పెళ్లిళ్లకి ‘వెళ్లకపోతే బాగుండదు’ అని వెళుతున్నామే, అక్కడ అడ్డురాని సిద్ధాంతం భీమిలి ఇసుకలోనే ఎందుకు అడ్డొచ్చింది?

నా సంగతే చెబుతాను. 1984లో గుంటూరులో నాది దండల పెళ్లి. పురోహితుడు లేడు, సప్తపది లేదు, తాళి లేదు. ఇద్దరు పెద్దలు ఉపన్యాసాలిచ్చారు, టీ ఇచ్చాం, అయిపోయింది. తమిళనాడులో ఇలాంటి ఆత్మగౌరవ వివాహాలకి 1967లోనే హిందూ వివాహ చట్టానికి సవరణ తెచ్చి చట్టబద్ధత ఇచ్చారు. మన దగ్గర అలాంటి సవరణ లేదు. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే తప్ప మా దండలకి చట్టం దృష్టిలో పెద్ద విలువేమీ లేదు. మేం ఆ రిజిస్ట్రేషన్ ఏడేళ్ల తర్వాత, పాస్‌పోర్టు కోసం చేయించుకున్నాం. ఆ ఏడేళ్లలో మమ్మల్ని ఒక్కరు కాగితం అడిగితే ఒట్టు! ఇల్లు అద్దెకిచ్చారు. రేషన్ కార్డు ఇచ్చారు. కాన్పుకి వెళితే ఆపరేషన్ ఫారం మీద ‘భర్త’ అని ఆయన సంతకం చేశాడు, తీసుకున్నారు. ఒక మగాడూ ఒక ఆడదీ పక్కపక్కన నిలబడితే చాలు, మిగతా కాగితాలన్నీ లోకమే మనసులో రాసుకుంటుంది. మనం వివాహ వ్యవస్థని ధిక్కరించామనే అనుకున్నాం. ధిక్కరించాం కూడా. కానీ దాని సౌకర్యాలేవీ మనల్ని వదిలిపెట్టలేదు.

ఆ అమ్మాయిలు నిజంగా బయట ఉన్నారు. రెండేళ్ల కిందట ఫిజియోథెరపీ అమ్మాయికి అపెండిక్స్ పగిలి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. సంతకానికి ‘మీరేమవుతారు?’ అన్నారు. స్నేహితురాలినంది టీచరమ్మాయి. రక్తసంబంధం వాళ్లు కావాలన్నారు. నాలుగేళ్లుగా మాటల్లేని అన్నకి ఫోన్ చేశారు. అతను రాజమండ్రి నుంచి బస్సులో వచ్చేదాకా ఆ అమ్మాయి నొప్పితో మెలికలు తిరిగింది. పెళ్లి అనే ఆలోచన అప్పుడు పుట్టింది. సినిమా పాటలు చూసి కాదు.

అయితే ఆ పెళ్లి వల్ల ఆ ఫారం మారిందా? మారలేదు. 377వ సెక్షన్ విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో నేరం కాదంది, సంతోషించాం. 2023 అక్టోబరు 17న పెళ్లి సంగతి వచ్చేసరికి, వివాహం ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు, అది పార్లమెంటు చూసుకోవలసిన పని అన్నారు. ఆ కేసు వేసినవాళ్లలో మొదటి పేరు హైదరాబాదు జంటదే. పునస్సమీక్ష పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. ఈలోగా 2024 ఆగస్టులో, ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ నామినీగా రాసుకోవడానికీ అడ్డేమీ లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ఆ డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక అమ్మాయిల జంట విషయంలో, కలిసి బతికే స్వేచ్ఛ వాళ్లకుంది, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దు అంది. మంచిదే. కలిసి ఉండవచ్చు, డబ్బు కలిపి దాచుకోవచ్చు. ఒకరికొకరు ఏమవుతారో మాత్రం చెప్పుకోకూడదు!

వీరేశలింగం గారు రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేసిన నాటికి, దాన్ని అనుమతించే చట్టం వచ్చి పాతికేళ్లయింది. 1856 నాటి చట్టం కాగితం మీద అలా పడి ఉంది. పెళ్లికి వచ్చేవాళ్లే లేరు. వస్తే వెలి అన్న భయం. వంటకీ నీళ్లకీ మనుషులు దొరకలేదు, పోలీసులు కాపలా కాయవలసి వచ్చింది. ఆ రోజు వెళ్లిన కొద్దిమందినీ చరిత్రలో మనం మెచ్చుకుంటాం. ‘ఇంటిమేట్’గా ఎంత బాగా జరిగింది అనం. ఇక్కడ కథ తలకిందులైంది. పెళ్లిళ్లు జరుగుతున్నాయి, చట్టమే రాలేదు. చట్టం లేనిచోట సాక్షుల అవసరం ఇంకా ఎక్కువ. పెళ్లికి వచ్చిన జనమే వాళ్లకున్న ఏకైక రిజిస్టరు. అందులో మనం సంతకం పెట్టకుండా తప్పుకున్నాం.

నేనేదో ముందునుంచీ తెలివిగా ఉన్నానని కాదు. 2009లో ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఒక సమావేశంలో ఒక చిన్నపిల్ల లేచి ‘దీని గురించి మన పత్రికలు ఏమైనా రాస్తాయా?’ అని అడిగింది. వేదిక మీద నేనున్నాను. ‘వరకట్న హత్యలే ఆగలేదమ్మా, ఒక్కొక్కటే చూద్దాం’ అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ పిల్ల కూర్చుంది. మళ్లీ ఎప్పుడూ కనబడలేదు. ఎక్కడ ఉందో, ఎవరితో ఉందో, ఉందో లేదో కూడా తెలియదు. భీమిలిలో దండలు మారుతుంటే నాకు ఆ పిల్ల ముఖమే గుర్తొచ్చింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ వీలునామాలు రాసుకుంటున్నారు. పెళ్లి ఇవ్వలేనిది కనీసం అదైనా ఇస్తుందని. ఒక్కోదానికి ఇద్దరు సాక్షులు కావాలి. నేనొకదాన్ని. రెండో సాక్షి కోసం, పెళ్లికి రాని ఆ తొమ్మిది మందిలో ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకావిడ వస్తానంది, ఏ బస్సుకి రావాలో అడిగింది. రెండో ఆవిడ ఆలోచించి చెబుతానంది. మూడు వారాలైంది.